జబ్బు ‘ఉండటం’, జబ్బు ‘రావటం’

సందేహం: మాది గుంటూరు. ఇంటింటి ఆరోగ్య సర్వే ఫారం తెలుగు చేస్తూ, ‘పార్కిన్సన్స్ ప్రివలెన్స్’ అన్నచోట ‘పార్కిన్సన్స్ వ్యాప్తి’ అని రాశాను. మా మేడమ్ ‘ప్రాబల్యం’ అని దిద్దారు. ఏది సరైనది?

సమాధానం: రెండూ వద్దంటాను. వ్యాపించడమంటే ఒకరి నుంచి ఒకరికి, ఊరి నుంచి ఊరికి పాకడం. కలరా వ్యాపిస్తుంది. పార్కిన్సన్స్ అంటే కదలికలు నెమ్మదించే, తరచు వణుకు తెచ్చే మెదడు జబ్బు; అంటుజబ్బు కాదు. ‘వ్యాప్తి’ అని చదివి ఏ ఇంట్లోనైనా పెద్దాయన మంచినీళ్ల గ్లాసు వేరుగా పెట్టారంటే ఆ పాపం మన మాటదే. ఇక ప్రాబల్యంలో బలం ఉంది గానీ లెక్క లేదు.

దీనికి కొత్త మాట పుట్టించక్కర్లేదు. ‘ఎంతమందికి ఉంది?’ అంటే ప్రివలెన్స్. ‘ఈ ఏడాది కొత్తగా ఎంతమందికి వచ్చింది?’ అంటే ఇన్సిడెన్స్. ఇది ఏళ్ల తరబడి ఉండే జబ్బు. అందుకే ఏటా వచ్చేది కొద్దిమందికే అయినా, ఉన్నవాళ్ల సంఖ్య పెద్దగా కనిపిస్తుంది. పట్టికకు శీర్షిక కావాలంటే ‘లక్ష జనాభాకు జబ్బు ఉన్నవారు’ అనండి.

సంఖ్య రాసేటప్పుడు అది ఎవరి లెక్కో పక్కనే చెప్పాలి. బొంబాయి పార్సీల్లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే 1988లో వెలువడింది. లక్షకు సుమారు 328 మంది అని తేలింది. ఇది వయసుతో పెరిగే జబ్బు, పార్సీల్లో వృద్ధుల పాలు ఎక్కువ. ఆ అంకెను గుంటూరు జనాభాతో హెచ్చవేస్తే తప్పు లెక్క వస్తుంది.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ఫారంలో ‘మీకు వణుకు ఉందా?’ అని ఉంటే మార్చండి. బ్రాడీపేటలో మా పక్కింటి తాతగారి కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకున్నా ఆడుతూనే ఉండేది. అడిగితే ‘వయసమ్మా’ అనేవారు. ఆయన లెక్కలోకి రావాలంటే అడిగే తీరు మారాలి: ‘చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతోందా, గ్లాసు ఎత్తితే వణుకుతోందా?’ మొదటిది పార్కిన్సన్స్‌లో ఎక్కువగా కనిపించే వణుకు. రెండోది చాలాసార్లు వేరే రకం, అది ఇంకా ఎక్కువమందికి ఉంటుంది. ‘చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆలస్యమవుతోందా? చేతిరాత చిన్నదైపోతోందా?’ అని కూడా చేర్చండి. వణుకు లేకుండానే ఈ జబ్బు ఉన్నవాళ్లు కొందరుంటారు.