హైదరాబాద్‌ను ఆటలో చూడాలంటే మర్ఫా చూడండి

"నగర జీవితాన్ని, నగరం మారుతున్న తీరును చూపించే ఆట గానీ నాటకం గానీ చూశారా?" అని ఒకరు అడిగారు. జవాబుగా చాలామంది రవీంద్రభారతి, లామకాన్ లాంటి నాటక వేదికల పేర్లు రాశారు. నేనూ పోతుంటాను, మంచి నాటకాలే వేస్తారు. కానీ ఈ ఊరి సంగతి పూర్తిగా చెప్పే ఆట ఒక్కటే, మర్ఫా. పెళ్లి ఊరేగింపుల్లో వాద్యాల దెబ్బకు వీధిలో ఆడే ఆట అది. దానికి టికెట్ లేదు, తెర లేదు.

మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది కదా, ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో ఉన్న, ఆఫ్రికా మూలాల సిద్దీ సైనికుల బస్తీ అది. 1948లో హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిశాక ఆ దళం రద్దయింది. ఉద్యోగం పోయింది, వాద్యం మిగిలింది, అదే మర్ఫా. ఇదే ఊళ్లో బార్కస్ బస్తీలోని యెమెన్ అరబ్బు కుటుంబాల్లోనూ ఇదే ఆట ఉంది. మా స్కూలు పుస్తకాల్లో వీళ్ల గురించి ఒక్క వాక్యం లేదు. ఇప్పటికీ హైదరాబాద్ అనగానే బిర్యానీ, ముత్యాలు, చార్మినార్ దగ్గరే ఆగిపోతాం. నాకు చాలా కోపం తెప్పించే విషయం ఇది.

మా చిన్నాన్న కొడుకు బరాత్‌కు, అంటే పెళ్లి ఊరేగింపుకు, మర్ఫా వాళ్లను పిలిచాం. ఫంక్షన్ హాల్ గేటు దగ్గర పాత పేపర్లు పోగేసి మంట పెట్టారు. డఫ్‌లను, అంటే పలక లాంటి తోలు వాద్యాలను, తోలు బిగియాలని ఆ సెగకు తిప్పుతూ, వేలితో తట్టి వింటున్నారు. హాల్ మేనేజర్ ఉరికొచ్చి ఆర్పమన్నాడు. మేం తొందర చేస్తుంటే జట్టు పెద్దాయన, "జర ఆగు బేటా, తోలు కాగాలె" అని మంటను రోడ్డు అవతలికి మార్పించాడు. తర్వాత ఒకాయన స్టీల్ బిందె మీద చెక్క బద్దలతో దెబ్బ మొదలుపెట్టాడు. ఇద్దరు కుర్రాళ్లు కర్రలు పట్టుకుని, మోకాళ్లు వంచి, భుజాలు అదురుతుండగా ఎదురెదురుగా దిగారు. అందులో ఒకడు పగలు డెలివరీ బండి నడుపుతాడట.

సిద్దిపేట నుంచి వచ్చిన మా పెద్దనాన్న చిన్నప్పటి నుంచీ డప్పు వింటూ పెరిగిన మనిషి. కండువా నడుముకు చుట్టి మధ్యలోకి వెళ్లాడు. డప్పుకు వేసే అడుగులే వేశాడు, ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. డప్పునూ మంటకే కాస్తారు కదా, ఆయనకు కొత్తేముంది! బోనాల్లో పోతరాజు వెంట మోగే తీన్మార్, వినాయక నిమజ్జనంలో మనం ఊగే తీన్మార్ ఈ మర్ఫా బిడ్డలే. ఎవరేమన్నా నా మాట ఇదే. ఆఫ్రికా, అరేబియా, తెలంగాణ ఒకే దెబ్బకు ఆడే ఊరు ఇంకెక్కడుంది?

ఇప్పుడు బరాత్ అంటే డీజే బండి, జనరేటర్, కిటికీ అద్దాలు అదిరే బాక్సులు. పక్క ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉన్నాడన్న ఆలోచన ఉండదు. కొన్ని హాళ్లయితే తమ డీజేనే పెట్టుకోవాలని షరతు పెడుతున్నాయి. అదే డబ్బు ఈ జట్లకు వెళ్తే ఆ కుర్రాడు పెళ్లిళ్ల సీజన్‌లో బండి పక్కన పెట్టేవాడు.

మీ ఇంట్లో పెళ్లి ఉంటే ఏసీ గార్డ్స్ వెళ్లి అడగండి, ఎవరైనా చూపిస్తారు. బేరం ఆడకండి. హాల్ బుక్ చేసేటప్పుడే మంట వేసుకోవడానికి బయట చోటు కావాలని మేనేజర్‌తో రాయించుకోండి.