ఎర్ర కణాలేవి?

చి. అమ్మాయికి,

నేలవేము ఎక్స్‌ట్రాక్ట్‌లను (మొక్క నుంచి తీసిన సారాలను) మలేరియా కల్చర్ మీద, అంటే ల్యాబులో ఎర్ర రక్తకణాల్లో పెంచే మలేరియా పరాన్నజీవుల మీద, పరీక్షించబోతున్నానని రాశావు. సంతోషం. పద్ధతులు మీ గైడ్ నేర్పుతారు. నేను చేతులు కాల్చుకుని తెలుసుకున్నవి మాత్రం రాస్తాను.

మూలికల కొట్లో ఎండు కట్ట కొనకు. నేలఉసిరి అడిగితే రెండు మూడు జాతులు కలిపి కట్టిచ్చే కొట్లున్నాయి. పూత మీదున్నప్పుడు నువ్వే కోసి, ఒక కొమ్మను పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, బాటనీ వాళ్లకు చూపించి హెర్బేరియం (ఎండు మొక్కల నమూనాలు దాచే చోటు) నంబరు వేయించుకో.

కషాయంలా కాచి, పని చేయలేదని మొక్కను పక్కన పడేయకు. చైనాలో తు యూయూ అనే శాస్త్రవేత్త బృందం ఆర్టెమిసియా అనే మొక్కతో ఇలాగే తిప్పలు పడింది. 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో తీశాకే, 1971 అక్టోబరులో ఎలుకల్లో మలేరియా పూర్తిగా అణిగింది. అందుకని నీళ్లతో ఒకటి, ఆల్కహాల్‌తో ఒకటి, వేడి తగలకుండా ఇంకొకటి తీసి పెట్టుకో.

ఇక అసలు సంగతి. నా మొదటి ఏడాదిలో ఒక కాయ ఎక్స్‌ట్రాక్ట్ వేసిన వెల్స్‌లో (ప్లేటులోని చిన్న గుంటల్లో) రెండో రోజుకు ఒక్క పరాన్నజీవి కనపడలేదు. ల్యాబంతా స్వీట్లు పంచాను. మా మేడమ్ స్లైడ్ చూసి, "పరాన్నజీవి లేదు సరే, ఎర్ర కణాలేవి?" అన్నారు. ప్లేటు ఎత్తి చూస్తే, అడుగున పేరుకోవాల్సిన కణాలు లేవు. వెల్ మొత్తం రోజ్ షర్బత్‌లా తేటగా ఉంది. కుంకుడుకాయకు నురగ తెచ్చే సాపోనిన్లే ఆ కాయలోనూ ఉండి కణాల పొర చీల్చేశాయి. ఇల్లు కూలితే అద్దెకున్నవాడూ పోయాడు, అంతే!

కాబట్టి ప్రతి ఎక్స్‌ట్రాక్ట్‌నూ ముందు పరాన్నజీవి లేని ఎర్ర కణాల మీద వేసి చూడు. నీళ్లలో వేసి ఊపితే నురగ నిలబడిందంటే మరీ జాగ్రత్త. వట్టి డీఎంఎస్‌ఓ (ఎక్స్‌ట్రాక్ట్‌ను కరిగించే ద్రవం) వేసిన వెల్, పోల్చి చూడ్డానికి క్లోరోక్విన్ అనే మలేరియా మందు వేసిన వెల్ ప్రతి ప్లేటులో ఉండాల్సిందే. డీఎంఎస్‌ఓ అర శాతం దాటనివ్వకు. పరాన్నజీవులను లెక్కగట్టే మెషీన్ ఇచ్చిన అంకె ఎంత ముద్దొచ్చినా, గీంసా రంగు వేసి మైక్రోస్కోపులో చూసే స్లైడ్ మానకు. ముదురు ఆకుపచ్చ ఎక్స్‌ట్రాక్ట్ రంగే ఆ అంకెను తారుమారు చేయగలదు.

మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల లోపు సగం పరాన్నజీవులను ఆపితే బాగున్నట్టే. మామూలు మనిషి కణాలను చంపడానికి దానికి పది రెట్లయినా పట్టాలి. లేకపోతే అది మందు కాదు, విషం.

ఊరెళ్తే చుట్టాలు "ఆ సీసా మాకూ ఇవ్వు" అంటారు. చుక్క కూడా ఇవ్వకు. చలిజ్వరమంటే వెంటనే రక్తపరీక్షకు తీసుకెళ్లు.

దసరాకు వస్తే స్లైడ్లు తెచ్చుకో. నా పాత మైక్రోస్కోపు ఇంకా పనిచేస్తోంది.

మీ పెదనాన్న