ప్రభుత్వ అడవిలో కలుపు మందు పిచికారీని అడ్డుకోవచ్చా?

సందేహం: మా ఊరిని ఆనుకొని ఉన్న ప్రభుత్వ అడవిలో చెట్లు నరికి పైన్ మొక్కలు నాటారు. వాటికి అడ్డొచ్చే పొదలు, ఆకురాల్చే చెట్లు చచ్చిపోయేలా హెలికాప్టరుతో గ్లైఫోసేట్ చల్లుతామని బోర్డు పెట్టారు. మేము తాగే వాగు అక్కడే పుడుతుంది. అడిగితే, "ఇది ప్రభుత్వం నమోదు చేసిన మందే, అయినా అడవి మీది కాదు కదా" అంటున్నారు. కోర్టుకు వెళ్లవచ్చా?

సమాధానం: వెళ్లవచ్చు. మీరు ఏ దేశంలో ఉంటున్నారో రాయలేదు కనుక సెక్షన్ల జోలికి పోకుండా, ఇలాంటి వివాదాలు ఎక్కడ గెలిచాయో, ఎక్కడ ఓడిపోయాయో చెబుతాను. అడవి మీ పేరున లేకపోయినా ఆ నీరు తాగేవారిగా, ఆ దారిన నడిచేవారిగా మీకు కలిగే నష్టాన్ని చూపగలిగితే, చాలా దేశాల కోర్టులు మీ పిటిషన్‌ను విచారణకు స్వీకరిస్తాయి.

అసలు చిక్కు ఏ వాదనతో వెళ్లాలన్న దగ్గర వస్తుంది. కెనడాలోని నోవా స్కోషియాలో కొందరు స్థానికులు, అడవులపై 2,4-డి, 2,4,5-టి అనే కలుపు మందులు చల్లకుండా ఇంజంక్షన్ (ఆపమనే కోర్టు ఉత్తర్వు) కోరారు. మందు తమ ఆరోగ్యానికి హాని చేస్తుందని నిరూపించే భారాన్ని వారు నెత్తిన వేసుకున్నారు. నిపుణుల సాక్ష్యాలతో సుదీర్ఘంగా విచారణ జరిగాక, హాని జరిగే అవకాశం తగినంతగా రుజువు కాలేదంటూ 1983లో న్యాయస్థానం దావాను కొట్టివేసి, ఖర్చులు కూడా వారిపైనే వేసింది. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వారి భయం న్యాయమైనదే.

అమెరికాలోని ఒరెగాన్‌లో పౌరులు మరో దారిలో వెళ్లారు. సయుస్లా జాతీయ అడవిలో పిచికారీకి ముందు ప్రభుత్వం తయారు చేసిన పర్యావరణ ప్రభావ నివేదిక సరిగా లేదని ప్రశ్నించారు, 1977లో గెలిచారు. మందును నమోదు చేసినంత మాత్రాన పర్యావరణ మదింపు బాధ్యత తీరిపోదని అక్కడి అప్పీలు కోర్టు 1983లో మరో కేసులో స్పష్టం చేసింది. మీకు అధికారులు చెప్పిన మాటకు జవాబు ఇక్కడే ఉంది.

కాబట్టి మీ పిటిషన్‌లో అనుమతి ఇచ్చిన తీరును ముందు పెట్టండి. ఈ వారంలోనే అనుమతి పత్రం, పిచికారీ ప్రాంతపు పటం, మందు లేబుల్, ప్రభావ నివేదిక నకళ్లను లిఖితపూర్వకంగా కోరండి. పటంలో మీ వాగును గుర్తించారా, నీటికి ఎంత దూరం వదలాలన్నారు, గాలి ఎంత వేగం దాటితే పని ఆపాలన్నారు, పొదలను మనుషుల చేత కొట్టించే ప్రత్యామ్నాయాన్ని పరిశీలించారా అన్నవి గట్టిగా చూడండి. ఆ ప్రత్యామ్నాయం అసాధ్యమని ఎవరైనా అంటే, కెనడాలోని క్యూబెక్ 2001 నుంచి తన ప్రభుత్వ అడవుల్లో రసాయన కలుపు మందులు లేకుండానే పని సాగిస్తోందని రికార్డులో పెట్టండి. గ్లైఫోసేట్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో "బహుశా క్యాన్సర్ కారకం" కోవలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ మాత్రం ఒప్పుకోలేదు. ఈ భేదాభిప్రాయాన్ని, హాని పూర్తిగా రుజువు కాకముందే జాగ్రత్త వహించాలనే సూత్రానికి ఊతంగా వాడండి, మీ కేసు మొత్తాన్నీ దాని మీద నిలబెట్టకండి.

పిచికారీకి ముందే వాగు నీటిని, ఏ సీసాలో పట్టాలో ప్రయోగశాలను అడిగి మరీ పట్టి, సీలు వేయించండి. తేదీ, సమయం, చోటు, పట్టినవారి సంతకం సీసాపై ఉండాలి. ఆ సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో ఒక కాగితంపై రాసి పెట్టాలి. ముందు నీరు ఎలా ఉందో చూపలేకపోతే, తర్వాత మందు ఆనవాళ్లు దొరికినా అవి ఈ పిచికారీ వల్లే వచ్చాయని చెప్పడం కష్టమవుతుంది.

అభ్యంతరాలకూ అప్పీలుకూ గడువు చాలా తక్కువగా ఉంటుంది, బోర్డు మీది తేదీ నుంచే లెక్క మొదలుకావచ్చు. ఆ బోర్డును తేదీతో సహా కనిపించేలా ఫొటో తీసుకొని, అభ్యంతర పత్రానికి రసీదు తీసుకొని, అప్పీలుతో పాటే స్టే కోరుతూ వేరే దరఖాస్తు కూడా వేయండి. చల్లడం పూర్తయ్యాక వచ్చే ఉత్తర్వుతో చచ్చిన పొద చిగురించదు.