అమెరికా పాలను రానిస్తే మనకేంటి నష్టం?

"అమెరికా పాల ఉత్పత్తులు వస్తే మనకు చౌకగా దొరుకుతాయి కదా, ప్రభుత్వం ఎందుకు అడ్డుపడుతోంది?" అని అడిగారు. మాది చిత్తూరు జిల్లా. అమ్మ జెర్సీ ఆవులు మేపుతుంది కాబట్టి నేను చూసింది చెబుతాను.

ఓడలో వచ్చేది పాలు కాదండీ, పాలపొడి. ఇక్కడ చలికాలంలో పాలు మిగిలితే డెయిరీలు పొడి చేసి పెట్టుకుంటాయి, ఎండాకాలం కొరత వస్తే దాన్ని మళ్ళీ పాలు చేస్తాయి. అందుకే పొడి ధర పడితే ఆ దెబ్బ నేరుగా ఊళ్ళో పాలకేంద్రానికే తగులుతుంది.

2018లో అదే జరిగింది. ప్రపంచ మార్కెట్లో పొడి ధర పడిపోయింది, ఎగుమతి గిట్టుబాటు కాక మన దగ్గర నిల్వలు పేరుకున్నాయి. ఒకరోజు పొద్దున అమ్మ క్యాను కూడా కడగకుండా అరుగు మీద పెట్టి పాలకేంద్రం చీటీ నా చేతికిచ్చింది. ఫ్యాట్ (వెన్న శాతం) 3.9, ఎస్ఎన్ఎఫ్ (వెన్న, నీళ్ళు పోగా పాలలో మిగిలే గట్టి పదార్థం శాతం) 8.4. రెండూ ముందురోజు లాగే ఉన్నాయి. లీటరు రేటు మాత్రం 26 నుంచి 21కి దిగింది. "నీళ్ళు గానీ కలిపినామని అనుకున్నారేమో రా" అని ఒకటే బాధ. పాల రేటు తగ్గిందని బూసా, శెనక్కాయ చెక్క రేట్లు తగ్గవు కదా. ఆ ఏడాది ఒక ఆవును సంతకు తోలేశాం.

బయటి పొడి రాకుండానే ఇంత జరిగింది. అది వస్తే తట్టుకునే శక్తి మా అమ్మలాంటి వాళ్ళకు లేదు. పాలపొడి మీద 60 శాతం, వెన్న మీద 40 శాతం, చీజ్ మీద 30 శాతం సుంకం పెట్టింది అందుకే. 2019లో ఆర్‌సెప్ (ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం) నుంచి తప్పుకోవడానికి పాడి రైతుల భయం ఒక పెద్ద కారణం. 2025లో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందంలోనూ పాడిని పక్కనపెట్టారు. నాకైతే ఇది సరైన పనే.

మేత గొడవ ఇంకొకటి ఉంది. జంతువుల రక్తం, అవయవాలతో చేసిన దాణా ఎన్నడూ తినని పశువుల పాలేనని ఎగుమతి చేసే దేశం అధికారులు సర్టిఫికెట్ ఇవ్వాలని మన నిబంధన. దీనికి సైన్సు ఆధారం లేదని అమెరికా వాదన. అభిషేకానికి వాడే పాల విషయంలో మనవాళ్ళు రాజీ పడరు, పడాల్సిన పనీ లేదు.

అయితే మన తప్పు కూడా చెప్పాలి. పొదుగువాపుకు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేశాక డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పోయకూడదు. మా ఊళ్ళో చాలామంది పోసేస్తారు, ఒకప్పుడు మేమూ పోశాం. ఇప్పుడు అమ్మ వాటిని పారబోస్తుంది. ఆ నాలుగు రోజుల పాలకు పైసా ఇచ్చేవాళ్ళు లేరు, పదిహేను రోజుల బిల్లులో ఆ మేరకు కోత కనిపిస్తూనే ఉంటుంది.