గడియారంలో మనిషి గంట కొడతాడా, కొడుతుందా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. సెలవుల్లో పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లాను. వచ్చాక అక్కడి సంగీత గడియారం గురించీ, స్విట్జర్లాండ్‌లో ఉన్న రాసే బొమ్మ గురించీ మా కాలనీ సంచికకి ఒక వ్యాసం రాశాను. అందులో "మరమనిషి బయటికి వచ్చి గంట కొడతాడు" అని ఉంది. మరమనిషి అంటే రోబో కదా, కీలుబొమ్మ అనాలి అన్నారు ఒకరు. ఇంకొకరు దాన్ని "స్వయంచాలిత ప్రతిమ" అని దిద్దారు. పైగా బొమ్మ జడం కాబట్టి "కొడుతుంది" అనే రాయాలట. ఇందులో ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అమ్మా, ముందు తేల్చి చెప్పేస్తాను. ఆ వస్తువుని మరబొమ్మ అనండి. "కొడతాడు" అన్న మీ క్రియ ఒప్పే, దాని ముందున్న కర్తని కాస్త సరిచేసుకుంటే చాలు. ఎందుకో చెప్పాలంటే మాత్రం ఆ బొమ్మలు ఎలా పనిచేస్తాయో కూడా చూడాలి, ఎందుకంటే ఇక్కడ మాట మీద తగువు తెగాలంటే వస్తువు తెలియాలి.

మర అనే మాట మన ఇళ్లలో ఎప్పటినుంచో తిరుగుతున్నదే. మరచెంబు మూతకీ మరమేకు ఒంటికీ ఉండే మెలికల గాడి మరే, బియ్యం ఆడించే మిల్లూ మరే. మరమగ్గం, మరపడవ అన్నప్పుడు మనిషి చేతి సత్తువకి బదులు యంత్రం పనిచేస్తోందని ఎవరూ విడమరిచి చెప్పకుండానే అర్థమవుతుంది. బొమ్మ ముందు మర పెట్టినా అంతే.

మరి మరమనిషి ఎందుకు వద్దు అంటే, తెలుగు పత్రికలు ఆ మాటని రోబోకి వాడీ వాడీ అక్కడ స్థిరపరిచేశాయి. రోబో అన్న మాటే 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకంతో లోకంలోకి వచ్చింది, దాని మూలంలో ఉన్నది వెట్టిచాకిరీ. చాకిరీ చేయించుకోవడానికి పుట్టిన మాట అది. మీరు రాసిన బొమ్మలేమో అంతకు చాలాముందువి, ఏ చాకిరీ కోసమూ పుట్టినవి కావు, చూసేవాళ్లు నోరు తెరుచుకుని నిలబడిపోవడం కోసమే పుట్టాయి. ఈ రెండింటికీ ఒకే మాట వాడితే, బల్ల ముందు కూర్చుని ఉత్తరం రాసే కుర్రాడూ కార్ల ఫ్యాక్టరీలో బోల్టులు బిగించే ఇనపచెయ్యీ ఒకటే అనుకుంటాడు చదివేవాడు.

ఆ కుర్రాడి గురించి మీరు రెండు ముక్కల్లో తేల్చేశారు, నాకైతే అక్కడే ఇంకాసేపు నిలబడాలని ఉంది. గడియారాలు చేసే పియర్ జాకే ద్రో, ఆయన కొడుకు ఆన్రీ లూయీ, వాళ్ల దగ్గరే పెరిగి పని నేర్చిన లెషో కలిసి మూడు బొమ్మలు చేశారు. 1774 నాటికి మూడూ ప్రదర్శనకి వచ్చాయి. ఇప్పటికీ స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్ మ్యూజియంలో ఉన్నాయి, ఇప్పటికీ ఆడుతున్నాయి. మొదటిది రాసే కుర్రాడు, చెప్పుల్లేని కాళ్లతో పీట మీద కూర్చుని ఉంటాడు. బాతు ఈక కలం సిరాలో ముంచుతాడు, ఎక్కువైన సిరా కాగితం మీద పడకుండా కలాన్ని విదిలిస్తాడు, అప్పుడు రాయడం మొదలుపెడతాడు. కళ్లు కలం వెంటే కదులుతాయి. ఎవరూ అడగకుండానే ఆ కలం విదిలించడం పెట్టారు చూడండి, అది లేకపోయినా అక్షరాలు పడేవి. కానీ రాసేవాడి అలవాటు కూడా రావాలనుకున్నారు వాళ్లు. బొమ్మ గీసే రెండో కుర్రాడు కూడా అంతే, మధ్యమధ్యలో వంగి కాగితం మీద పెన్సిల్ పొడిని ఉఫ్ మని ఊదేస్తాడు.

లోపల ఉన్నది ఇది. రాసే కుర్రాడి వెన్నులో ఇత్తడి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పేర్చిన దొంతర ఉంటుంది. ప్రతి బిళ్ల అంచూ ఎత్తుపల్లాలుగా కోసి ఉంటుంది. ఒక్కో అక్షరానికి మూడు బిళ్లలు కావాలి: ఒకటి చేతిని అటూ ఇటూ జరుపుతుంది, ఒకటి ముందుకీ వెనక్కీ, మూడోది కలాన్ని కాగితం మీద ఎంత ఒత్తాలో ఎప్పుడు ఎత్తాలో చూస్తుంది. దొంతర తిరుగుతుంటే ఆ ఎత్తుపల్లాల మీద ఆనించిన మీటలు లేస్తూ పడుతూ ఉంటాయి, ఆ లేవడమూ పడటమే చేతి దాకా వెళ్లి అక్షరం అవుతుంది. ఏ అక్షరం తర్వాత ఏది రావాలో చెప్పడానికి ఇంకో చక్రం ఉంది, దానికి నలభై స్థానాలు, వాటిని మార్చుకుంటే నలభై అక్షరాల లోపు ఏ వాక్యమైనా రాయించవచ్చు. అంతా కలిపి దాదాపు 6000 భాగాలు, అన్నీ ఆ చిన్న ఒంట్లోనే. కాగితం పెట్టడం మరిచిపోయినా చెయ్యి అదే తిరుగుడు తిరుగుతుంది, ఎదురుగా ఎవరున్నారన్నది దానికి పట్టదు. మర ఎలా కోశారో ఆట అలా ఆడుతుంది. అందుకే మరబొమ్మ.

ఇలాంటి ఇంకో బొమ్మ అమెరికాలో ఉంది, మీ వ్యాసానికి పనికొస్తుంది. 1928లో ఒక కుటుంబం ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌కి పాడైపోయిన ఇత్తడి యంత్రం ఒకటి ఇచ్చింది. ఎవరు చేశారన్నది అప్పటికి సరిగా తెలియదు. బాగుచేసి కీ ఇస్తే బొమ్మ తల వంచి గీయడం మొదలుపెట్టింది. నాలుగు చిత్రాలు, మూడు కవితలు దాని బిళ్లల్లో ఉన్నాయి. ఒక కవిత చివర అంచులో ఫ్రెంచిలో ఒక పంక్తి రాసింది, దాన్ని తెలుగులో పెడితే "మయార్దే మరబొమ్మ రాసినది" అని. 1800 ప్రాంతంలో లండన్‌లో పనిచేసిన స్విస్ పనివాడు ఆన్రీ మయార్దే పేరు అలా బయటపడింది. మనుషులు మరిచిపోయిన సంగతి ఇత్తడి అంచుల మీద చెక్కుచెదరకుండా ఉండిపోయింది! ఇది చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఇక కీలుబొమ్మ. కీలు అంటే మోకాలిలో మోచేతిలో ఉండే అతుకు, తలుపుకి ఉండే బందు కూడా. ఆ లెక్కన చేతులూ కాళ్లూ ఆడే ఏ బొమ్మైనా కీలుబొమ్మే, తప్పని అనలేం. మన జానపద కథల్లో కీలుగుర్రం ఉండనే ఉంది, మీట తిప్పితే ఆకాశానికి ఎగిరేది. సంస్కృత కథాసరిత్సాగరంలో మయుడి కూతురు సోమప్రభ తన స్నేహితురాలు కళింగసేనకి బుట్టెడు కొయ్యబొమ్మలు తెచ్చి చూపిస్తుంది, ఒక్క కీలు తడితే చాలు, ఒకటి గాలిలో వెళ్లి పూలమాల తెస్తుంది, ఒకటి నీళ్లు తెస్తుంది, ఇంకొకటి నాట్యం చేస్తుంది. కాబట్టి కీలు అన్న మాటకి ఈ అద్భుతంతో పాత చుట్టరికమే ఉంది. అయితే ఇవాళ కీలుబొమ్మ అనగానే జనం మనసులో మెదిలేది ఇంకొకరు ఆడించినట్టు ఆడేది. "వాళ్ల చేతిలో కీలుబొమ్మ అయిపోయాడు" అంటాం, "కీలుబొమ్మ ప్రభుత్వం" అంటాం. వెనక ఒక చెయ్యి ఉండాలి, ఆ చెయ్యి క్షణక్షణం ఆడిస్తుండాలి. మీ గడియారంలో ఆ చెయ్యి లేదు. ఆశ్చర్యమంతా అది లేకపోవడంలోనే ఉంది.

ఈ తేడా సరిగ్గా ఉందో లేదో రెండు బొమ్మల మీద పరీక్షించి చూద్దాం. 1770లో వియన్నా రాజసభలో కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే తురుష్కుడి బొమ్మని తెచ్చి చూపించాడు. పెట్టె తలుపులు తెరిచి చక్రాలు చూపించేవాడు, మూసి కీ ఇచ్చేవాడు, బొమ్మ చెయ్యి చాచి పావులు జరిపేది, గెలిచేది కూడా. అన్నేళ్లు యూరప్‌నీ అమెరికానీ తిప్పిన ఆ పెట్టె లోపల ఒక మనిషి దాక్కుని ఆడేవాడు. 1854లో ఫిలడెల్ఫియాలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. దాన్ని మరబొమ్మ అని ప్రచారం చేశారు గానీ నిజానికి అది కీలుబొమ్మ. ఇక రెండోది మైసూరు టిప్పు సుల్తాన్ పులి, 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఇంగ్లీషువాళ్లు పట్టుకెళ్లింది, ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. సోల్జరు మీద పులి పడి ఉంటుంది, పక్కన పిడి తిప్పితే కిందివాడి చెయ్యి లేచి పడుతూ ఉంటుంది, వాడి ఏడుపూ పులి గుర్రుమనడమూ లోపలి తిత్తుల్లోంచి వినిపిస్తాయి. చేత్తోనే తిప్పుతున్నాం కదా, కీలుబొమ్మేమో అనిపిస్తుంది. కాదు. తిప్పే చెయ్యి సత్తువే ఇస్తుంది, ఏ కదలిక ఎప్పుడన్నది మరే చూసుకుంటుంది. పిడి ఎవరు తిప్పినా అదే అరుపు, అదే కదలిక. ఇదీ మరబొమ్మే.

"స్వయంచాలిత ప్రతిమ" సంగతి త్వరగా ముగిస్తాను. స్వయంచాలితం సైన్సు పుస్తకంలో ఉండదగ్గ మాటే, తప్పు లేదు. కాలనీ సంచిక చదివేవాళ్లకి మాత్రం బరువు, పైగా ప్రతిమ అంటే కదలకుండా నిలబడినదే కళ్లముందుకి వస్తుంది. సంస్కృతమే కావాలంటే యంత్రపుత్రిక అనే చక్కటి మాట ఉంది. పుత్రిక అంటే అక్కడ కూతురు కాదు, బొమ్మ. మన మరబొమ్మ దానికి సరిసమానంగా సరిపోతుంది. అలాగే "కీ ఇవ్వడం" ఇంగ్లీషు మాటని ఎవరైనా కొట్టేస్తే ఒప్పుకోకండి. గడియారానికి కీ ఇవ్వడం తెలుగు జాతీయమైపోయింది.

ఇప్పుడు అసలు చిక్కు, క్రియ. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడాలు – ఇవి కానివి మహత్తులు అన్నాడు. మహత్తుకి "వచ్చాడు", మిగతావాటికి "వచ్చింది". మీ సంచికవారు జడం అన్న మాట ఇక్కణ్నుంచే పట్టుకున్నారు. సూత్రం సరైనదే. కానీ సూత్రం మాట్లాడేది వాక్యంలో ఉన్న పదం గురించి, మ్యూజియంలో ఉన్న ఇనుము గురించి కాదు. "బొమ్మ" అన్నది అమహత్తు, కాబట్టి "బొమ్మ గంట కొట్టింది". మీ గడియారంలో గంట కొట్టే "గడ్డం మనిషి" మహత్తు, కాబట్టి "గడ్డం మనిషి గంట కొట్టాడు". తోలుబొమ్మలాట చూసేవాళ్లని అడగండి, "కేతిగాడు వచ్చాడు" అంటారు, "వచ్చింది" అన్నవాణ్ని ఇంతవరకూ చూడలేదు. అదే ఆట అయ్యాక బొమ్మలు పెట్టెలో సర్దేటప్పుడు "కేతిగాడి బొమ్మ చిరిగింది" అంటారు. ఆడుతున్నంతసేపూ వాడు, ఆగాక అది. సాలార్‌జంగ్‌లో గంట కావస్తుంటే గడియారం ముందు చేరే జనం కూడా అంతే, తలుపు తెరుచుకోగానే "అదిగో వచ్చాడు" అంటారు. మధ్యాహ్నం పన్నెండుకి రద్దీ ఎక్కువ, పన్నెండు దెబ్బలూ లెక్కపెట్టాలని. ఆ నోళ్లలో వచ్చిన "వచ్చాడు"ని వ్యాకరణం పేరుతో కొట్టేయడం అన్యాయం.

ఒక్క జాగ్రత్త ఉంది. ఒకే వాక్యంలో రెండూ కలపకండి. "బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టాడు" అంటే తప్పే. మీ వాక్యాన్ని "గంట కావస్తుండగా గడ్డం మనిషి బయటికి వచ్చి గంట కొడతాడు, పక్కనే కమ్మరి సుత్తితో సెకన్లు కొడుతుంటాడు" అని రాసుకోండి, మరబొమ్మలు అని ముందు వాక్యంలో ఒకసారి చెప్పి ఉంటే చాలు. గడియారాన్నే కర్తగా పెట్టుకున్నా బాగుంటుంది, "గడియారం పన్నెండు కొట్టింది" అని మనం ఎప్పుడూ అనేదే. దాని మీద ఉన్న కుక్ అండ్ కెల్వీ పేరు కలకత్తా కంపెనీది, ఆ సంగతి కూడా వ్యాసంలో చేర్చండి.

న్యూషాటెల్ మూడో బొమ్మ దగ్గర మీకు ఈ ఇబ్బందే రాదు. అది ఆర్గన్ వాయించే అమ్మాయి, వేళ్లతో నిజంగానే మీటలు నొక్కి వాయిస్తుంది, ఊపిరి తీస్తున్నట్టు గుండెలు లేచి దిగుతుంటాయి. తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకీ క్రియ ఒకటే కాబట్టి "వాయిస్తుంది" అంటే అమ్మాయికీ సరిపోతుంది, బొమ్మకీ సరిపోతుంది. బహువచనంలోకి వెళ్తే మాత్రం మళ్లీ విడిపోతాయి. మూడింటినీ కలిపి రాసేటప్పుడు "మరబొమ్మలు మూడూ ఇప్పటికీ ఆడుతున్నాయి" అనండి, "ఇద్దరు కుర్రాళ్లూ ఒక అమ్మాయీ" అని మొదలుపెడితే "ఆడుతున్నారు" అనే ముగించాలి.