ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదవాలంటే: కంపెనీని ఫీజు కంటే ముందు షిఫ్టు అడగండి

వయసు 38, ఇంటర్‌తో చదువు ఆగిపోయింది, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేస్తున్నాను, ఈ వయసులో డిగ్రీ చదివేవాళ్లు ఉంటారా, కంపెనీ ఏమైనా సాయం చేస్తుందా అని మీరు అడిగారు. నేను ఆ చుట్టుపక్కలే ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో (హాజరు, సెలవులు చూసే చోటు) పనిచేస్తున్నాను. నా డిగ్రీ కూడా ఉద్యోగంలో చేరాక, పిల్లలు బడికి వెళ్లే రోజుల్లో పూర్తయింది. సెలవు చీటీలన్నీ మా టేబుల్ మీదుగానే పోతాయి కాబట్టి ఎవరు ఏం చదువుతున్నారో నాకు బాగానే తెలుస్తుంది.

చదివేవాళ్లు మీరనుకున్న దానికంటే ఎక్కువమందే ఉన్నారు. కాకపోతే ఒక్కో వయసుకు ఒక్కో కారణం. ఐటీఐ అవగానే లైన్లోకి వచ్చిన కుర్రాళ్లకు డిగ్రీ అంటే గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు రాయడానికి అర్హత. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు కూడా అడుగుతారు. ముప్పైల్లో ఉన్న డిప్లొమావాళ్లకు బీటెక్ మీద గురి. తమ దగ్గర పని నేర్చుకున్నవాళ్లే ఇంజనీర్లయి పైకి పోతుంటే ఎవరికైనా బాధే కదా. రిటైర్మెంట్‌కు దగ్గరపడినవాళ్లు ఎంఏ తెలుగు లాంటివి కడతారు, వయసులో ఉన్నప్పుడు ఇంట్లో జరుగుబాటు లేక ఆగిపోయిన చదువు అది.

నలభైల్లో ఉన్నవాళ్ల పట్టుదల నేను వేరే ఎవరిలోనూ చూడలేదు. మా క్యాంటీన్‌లో చేసే ఒక అక్క ఓపెన్ స్కూల్లో పది రాసింది. పది పాసైతే ప్యాకింగ్ సెక్షన్లోకి తీసుకుంటామని హెచ్చార్ వాళ్లు చెప్పారు. రిజల్ట్ వచ్చాక మార్కుల లిస్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని మా టేబుల్ దగ్గరికొచ్చి "ఇది నా ఫైల్లో పెట్టండి" అంది. అప్పటిదాకా ఆ ఫైల్లో ఆధార్ జిరాక్సు, పాసుపుస్తకం జిరాక్సు తప్ప ఏమీ లేవు. ఆ కాగితం పంచ్ చేసి ఫైల్లో పెట్టేదాకా ఆమె అక్కడే నిలబడింది.

ఇక కంపెనీ సాయం సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సర్వీసు మొత్తం మీద 24 నెలల దాకా స్టడీ లీవు ఇచ్చే రూల్ ఉంది, అదీ ఉద్యోగానికి పనికొచ్చే చదువైతేనే. ప్రైవేటు ఫ్యాక్టరీలో చదువు కోసం సెలవు ఇచ్చి తీరాలనే చట్టం ఏదీ లేదు. అందుకని అడిగే పద్ధతి తెలియాలి. చాలామంది హెచ్చార్ దగ్గరికెళ్లి మొదట ఫీజు అడుగుతారు. పనికి సంబంధించిన కోర్సు కాకపోతే ఫీజు ఇవ్వడం కష్టం, ఇచ్చినా పాసయ్యాక రసీదులు చూసి ఇస్తారు. ఓపెన్ యూనివర్సిటీలో ఫీజు మన జీతాల్లో ఎలాగో సర్దుకోవచ్చు. పరీక్ష రోజు షిఫ్టు మాత్రం మన చేతిలో ఉండదు.

ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీనే (ఇగ్నో) తీసుకోండి. పరీక్షలు జూన్, డిసెంబరుల్లో. పొద్దున పేపరైతే 10 నుంచి 1, మధ్యాహ్నందైతే 2 నుంచి 5. పొద్దున షిఫ్టు (ఎ షిఫ్టు) 6 నుంచి 2 దాకా కాబట్టి అందులో ఉంటే ఒక్క పేపరూ కుదరదు. మధ్యాహ్నం పేపర్లకు రాత్రి షిఫ్టు (సి షిఫ్టు) నయం, పొద్దున ఆరింటికి దిగి నాలుగు గంటలు పడుకొని వెళ్లొచ్చు. అదే సి షిఫ్టు నుంచి నేరుగా పది గంటల పేపరుకు పోతే ప్రశ్న చదువుతుండగానే కళ్లు మూతపడతాయి. పొద్దున పేపర్లున్న వారం మధ్యాహ్నం 2కి మొదలయ్యే బి షిఫ్టు అడగండి, తిరుపతిలో ఒంటిగంటకు పరీక్ష ముగించి రేణిగుంట చేరడానికి ఒక గంట పర్మిషన్ కూడా అందులోనే రాయండి. టైమ్ టేబుల్ రాగానే, తేదీల కింద గీత గీసి, లెటర్‌కు జతచేసి, రోస్టర్ (ఎవరికి ఏ షిఫ్టో చెప్పే పట్టిక) వేయకముందే ఇన్‌చార్జికి ఇవ్వాలి. హాల్ టికెట్ వచ్చాక దాని కాపీ ఇస్తే చాలు. రోస్టర్ బోర్డు మీదికెక్కాక అడిగితే ఎంత మంచి ఇన్‌చార్జి అయినా చేసేదేమీ ఉండదు, మ్యూచువల్‌కు, అంటే షిఫ్టు మార్చుకోవడానికి, ఎవరో ఒకరిని బతిమాలుకోవాల్సిందే. ఈఎల్ (జీతంతో వచ్చే సెలవు) 20 రోజుల పనికి ఒకటి చొప్పున వస్తుంది. పండగలకూ పెళ్లిళ్లకూ అయిపోగొట్టకుండా కొన్ని పరీక్షలకు దాచుకోండి.

శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) 1954 నుంచి, మహిళా యూనివర్సిటీ 1983 నుంచి తిరుపతిలోనే ఉన్నాయి. అయినా షిఫ్టుల్లో చేసేవాళ్లకు రోజూ క్లాసుకెళ్లడం కుదరని పని. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల దాకా గడువు ఉంటుంది, అసైన్‌మెంట్లకు 30 శాతం వెయిటేజీ. ప్రొడక్షన్ టార్గెట్లతో టెన్షన్‌గా ఉన్న సీజన్లో ఒకటి రెండు పేపర్లు వాయిదా వేసుకున్నా డిగ్రీ పోదు. 38 ఏళ్లవాళ్లకు ఇది పెద్ద ఊరట.

బీటెక్ మాత్రం దూరవిద్యలో చేయొద్దు, ఎవరు చెప్పినా సరే. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా ఇచ్చిన దూరవిద్య ఇంజనీరింగ్ డిగ్రీలను 2017 నవంబరులో సుప్రీంకోర్టు సస్పెండ్ చేసింది. డబ్బులు కట్టి, రాత్రిళ్లు మేలుకొని చదివినవాళ్ల పరిస్థితి ఏంటో ఆలోచించండి.

కంపెనీ ఫీజు ఇస్తానంటే సంతోషంగా తీసుకోండి, కానీ బాండ్ (ఇన్నేళ్లు ఇక్కడే పనిచేస్తానని రాసిచ్చే ఒప్పందం) పూర్తిగా చదవండి. ఎన్నేళ్లు ఉండాలి, ఆ గడువు కోర్సులో చేరిన రోజు నుంచా పాసైన రోజు నుంచా, మధ్యలో మానేస్తే మొత్తం కట్టాలా, మిగిలిన నెలల లెక్కనా. ఈ మూడూ కాగితం మీద స్పష్టంగా లేకపోతే సంతకం పెట్టకముందే రాయించుకోండి.