పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు డబ్బా టీవీ ఉంచుకోవాలా, పారేయాలా?

అటక మీద పాత డబ్బా టీవీ, పాత కంప్యూటర్ మానిటర్, వాటితోపాటు చిన్నప్పటి కంప్యూటర్ ఉన్నాయి, ఏది ఉంచాలి అని అడిగారు. టీవీ ఉంచండి, మానిటర్ తీసేయండి. సరిగ్గా దీనికి తిరగేసి చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

మా బాబాయి మస్కట్ నుంచి తెచ్చిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్ అనే 1980ల నాటి ఇంటి కంప్యూటర్ ఇంకా నా దగ్గరుంది, 48కె (అంటే 48 కిలోబైట్ల మెమరీ), రబ్బరు బటన్లది. ఇల్లు మారేటప్పుడు మా ఆవిడ "ఆ రెండు డబ్బాల్లో ఒకటే కొత్తింటికి వస్తుంది" అని తేల్చేసింది. కంప్యూటర్‌కి కంప్యూటర్ మానిటరే కదా కావాల్సింది అని తెలివిగా 17 అంగుళాల వీజీఏ మానిటర్ (తర్వాతి కాలం పీసీలకి పెట్టే రకం) ఉంచుకుని, 14 అంగుళాల కలర్ టీవీని తుక్కు కొట్లో 150 రూపాయలకి ఇచ్చేశాను.

తీరా స్పెక్ట్రమ్ బయటికి తీస్తే దానికి ఉన్నది టీవీ యాంటెన్నాలోకి వెళ్లే వైరు! ఆ కాలం ఇంటి కంప్యూటర్లు టీవీ లెక్కలోనే తెర మీద బొమ్మని సెకనుకి 15,625 గీతలుగా గీస్తాయి, మామూలు వీజీఏ మానిటర్‌కి దాదాపు 31 వేలు ఉంటేగానీ బొమ్మ నిలబడదు. ఇది నాకు తెలిసింది ఆరోజే.

హాల్లో ఎల్‌ఈడీ టీవీకి పెట్టి, స్పెక్ట్రమ్ బొమ్మ వచ్చే 36వ ఛానల్ దగ్గర ఎంత వెతికినా నీలం తెర, 'సిగ్నల్ లేదు'. పాత టీవీ అయితే చుక్కల మధ్యనైనా ఏదో ఒకటి చూపించేది, మనం కాస్త కాస్త తిప్పుకుంటూ లాక్కొచ్చేవాళ్లం. చివరికి ఒక మెకానిక్‌ని బతిమాలి (ఇప్పుడు రిపేర్ అంటే బోర్డు మార్చడమేగా, వైరు అతికించమంటే వింతగా చూస్తున్నారు) స్పెక్ట్రమ్ లోపలి నుంచి వీడియో వైరు నేరుగా ఎల్‌ఈడీ టీవీకి లాగించాను. బొమ్మ వచ్చింది. టేపు క్యాసెట్ నుంచి గేమ్ లోడ్ అయ్యేటప్పుడు తెర అంచుల్లో ముందు ఎరుపు, లేత నీలం, తర్వాత నీలం, పసుపు గీతలు పరిగెడతాయి చూడండి, అవి ఇక్కడ నత్తినత్తిగా కదిలాయి. గేమ్‌లో బటన్ నొక్కితే బొమ్మ కాసేపు ఆలోచించుకుని దూకుతోంది, ఈలోపు గోతిలో పడిపోతోంది.

తుక్కు కొట్టుకి పరిగెత్తాను. "ఉంది సార్" అన్నాడు. పెట్టె ఒక మూల, పిక్చర్ ట్యూబు ఇంకో మూల. రాగి చుట్ట కోసం ట్యూబు మెడ విరిచేశాడు. లోపలికి గాలి పోయాక అది ఉత్త గాజుబుడ్డే. ఆ గాజులో సీసం ఉంటుంది, ఈ-వ్యర్థాలకి 2011లోనే రూల్స్ తెచ్చారు, అయినా రోడ్డు పక్కనే బద్దలు కొట్టేస్తుంటే అడిగేవాడు లేడు.

మళ్లీ టీవీ దొరకడానికి ఏడు నెలలు పట్టింది. ఊళ్లో ఒక టిఫిన్ సెంటర్లో మూలనపడ్డది ఇచ్చారు, నూనె జిడ్డు తుడవడానికే ఒక పూట. మీరు కొంటుంటే 14, 21 అంగుళాలు చాలు, 29 జోలికి పోకండి, నడుం పట్టేస్తుంది. 100 హెర్ట్జ్ (సెకనుకి వందసార్లు బొమ్మ గీసేవి) అని రాసి ఉన్నవీ వద్దు, డబ్బా టీవీలే అయినా అవీ ఆలోచించుకునే రకమే. ఆపేసిన టీవీ అయినా సరే వెనక మూత మీరు తీయకండి, ట్యూబులో కరెంటు నిలిచి ఉంటుంది, మెకానిక్‌కి వదిలేయండి.

486, పెంటియం లాంటి తర్వాతి కాలం పీసీలైతే ఎల్‌సీడీకి హాయిగా పెట్టుకోవచ్చు, వాటి కోసం బరువు మోయక్కర్లేదు. నా 17 అంగుళాల మానిటర్ ఇంకా అలాగే ఉంది, పనిచేస్తోంది. ఎవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్లండి, డబ్బులేమీ వద్దు, మా ఆవిడే ఆటో ఎక్కిస్తానంటోంది.